వచ్చినప్పుడు మంచం ఎక్కడ వేస్తారు?

మీలో చాలామంది ఇళ్లలో ఒకరు దుబాయిలోనో, కువైట్‌లోనో, సౌదీలోనో ఉండి ఉంటారు. మీ ఇంట్లో లేకపోతే మీ వాడకట్టులో ఉంటారు. ఈ పూట వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

గల్ఫ్ అనగానే మనకు వినబడే మాటలు కొన్ని ఉన్నాయి. అప్పు, వీసా, ఏజెంటు, మోసం. అవన్నీ నిజాలే. మాట్లాడుకోవాల్సినవే. కానీ ఈ కాసేపూ వాటిని పక్కన పెడతాను. ఒక మనిషిని తీసుకుందాం. అతనికి పని బాగానే దొరికింది. నెలనెలా జీతం అందుతోంది. ఎవరూ మోసం చేయలేదు. జబ్బు లేదు. అయినా రాత్రి పడుకున్నాక అతనికి ఇల్లు గుర్తొస్తుంది. ఇంట్లో ఏం గుర్తొస్తుంది? ఇదీ నా ప్రశ్న.

నేనూ అక్కడ కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాణ్ణే. వెళ్లొచ్చినవాళ్లు ఎవరు కలిసినా ఈ మాటే అడుగుతుంటాను. "అన్నా, అక్కడున్నప్పుడు నీకు ఏం యాదికొస్తుండె?" మొదటి జవాబు అందరిదీ ఒకటే. పిల్లలు, అమ్మ, ఇంటామె. ఇంకాసేపు కూర్చుంటే, చాయ్ తాగడం అయ్యాక, రెండో జవాబు వస్తుంది. అది ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. రంజన్ కుండలో నీళ్లు అంటాడు ఒకాయన. చెట్టు కింద మంచం అంటాడు ఇంకొకాయన. చెప్పాక కొంచెం సిగ్గుపడతారు కూడా, ఇంత చిన్నదానికా అని మనం అనుకుంటామేమోనని. ఆ రెండో జవాబు గురించే ఈ ప్రసంగమంతా.

మా వైపు ఒక మాట ఉంది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. ఊళ్లో బతుకు సాగనివాడికి ఉన్న మూడు దారులు అవి. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. అరబ్బు దేశాలకు డబ్బొచ్చింది. రోడ్లు, ఓడరేవులు, భవనాలు కట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఆర్మూరు, కామారెడ్డి వైపు నుంచి మనవాళ్లు వెళ్లారు. అటు కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ వెళ్లారు. అటు నుంచి వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. తాత వెళ్లిన దేశానికే మనవడు వెళ్లిన ఇళ్లు ఇవాళ మన మధ్య ఉన్నాయి.

ముందు నీళ్ల సంగతి చెబుతాను.

ఎండాకాలం మధ్యాహ్నం మీరు బయటినుంచి ఇంటికొస్తారు. గోలెంలోంచి చెంబెడు నీళ్లు కాళ్ల మీద పోసుకుంటారు. ముఖం కడుక్కుంటారు. రంజన్‌లోంచి ఒక గ్లాసు ముంచుకుని తాగుతారు. దీన్ని మనం సుఖం అంటామా? అనం. రోజూ ఉండేదే కదా.

ఇప్పుడు అక్కడి సంగతి వినండి. జూన్, జూలై, ఆగస్టు నెలలు. నీళ్ల ట్యాంకు మిద్దె మీద ఉంటుంది. పగలంతా కాలుతుంది. సాయంత్రం పని నుంచి వచ్చి నల్లా తిప్పితే వచ్చేవి కాగిన నీళ్లు. చెయ్యి పెట్టలేం. ఒంటి మీద ఎలా పోసుకుంటాం? అందుకని అక్కడ ఒక ఉపాయం ఉంది. ఎండాకాలం మొదలవగానే గీజరు బంద్ చేస్తారు. గీజరు గది లోపల ఉంటుంది కాబట్టి, అందులో నిలిచిన నీళ్లు మెల్లగా చల్లబడతాయి. అప్పుడు వేడినీళ్ల నల్లాలో చల్లనీళ్లు వస్తాయి, చన్నీళ్ల నల్లాలో వేడినీళ్లు వస్తాయి. అవును, మీరు విన్నది సరిగ్గానే విన్నారు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ మొదటి రోజు తప్పు నల్లా తిప్పి చెయ్యి కాల్చుకుంటాడు.

గీజరు లేనిచోట ముందు రాత్రే బకెట్ నింపి గదిలో పెట్టుకుంటారు. బకెట్ మీద పేరు రాసుకుంటారు. పొద్దున నాలుగింటికే స్నానాల గది ముందు వరుస. బస్సు ఐదింటికి. వెనక ఉన్నవాడు తలుపు కొడుతుంటాడు. మా పక్క ఊరి మేస్త్రీ ఒకాయన ఈ సంగతి నాకు ఒక్క ముక్కలో చెప్పాడు. "ఇంటికాడ తానం జేస్తే అలుపు దిగుతది తమ్మీ. అక్కడ తానం గూడ డ్యూటీనే." ఆయన అక్కడ ఉన్నంత కాలం కోరుకున్నది ఒకటే. గోలెం పక్కన బండ మీద కూర్చుని, ఎవరూ తలుపు కొట్టకుండా, నిమ్మళంగా చెంబుతో నీళ్లు పోసుకోవాలి.

ఇక నిద్ర.

లేబర్ క్యాంపు గదిలో మంచాలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. కింద మంచం, పైన మంచం. ఇనుప చువ్వల మెట్లు. కొత్తవాడికి పై మంచమే దొరుకుతుంది. కింద మంచం దొరకాలంటే ఎవరో ఒకరు ఊరికి వెళ్లాలి. కింద మంచం దొరికినవాడు ముందు ఒక పని చేస్తాడు. చుట్టూ తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తాడు. ఆ దుప్పటి లోపలి జాగా ఎంత? మంచం అంత. అదే అతని ఇల్లు. పిల్లల ఫొటో అక్కడే. ఇంటికి ఫోన్ మాట్లాడేది అక్కడే, గొంతు తగ్గించుకుని. కంట నీరు వస్తే తుడుచుకునేది కూడా అక్కడే.

గదిలో ఒకరిది పగటి డ్యూటీ, ఇంకొకరిది రాత్రి డ్యూటీ. ఒకరు పడుకునే వేళకు ఇంకొకరు లైటు వేస్తారు. కిటికీ తెరవడానికి లేదు, తెరిస్తే ఏసీ పనిచేయదు. ఏసీ ఆపడానికి లేదు, ఆపితే గది ఉడికిపోతుంది. అందుకే ఎండాకాలం పొడుగూతా మూసిన గదిలో, ఆ యంత్రం హోరులో నిద్ర. గాలి అంటే ఏమిటో ఒంటికి గుర్తుండదు.

ఇక్కడ మన వాకిట్లో నులక మంచం ఉంటుంది. మంచం చిన్న విషయమే. కానీ ఒకసారి ఆలోచించండి, ఆ మంచాన్ని మనం రోజంతా ఎన్నిసార్లు జరుపుతామో. పొద్దున చెట్టు కింద ఉంటుంది. నీడ జరిగితే మంచం జరుగుతుంది. సాయంత్రం గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. రాత్రి నాలుగు చినుకులు పడితే అరుగు మీదికి ఎక్కుతుంది. ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మంచం ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. ఇది అక్కడ లేదు. నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది చెప్పిన జవాబు ఇదే. ఒకాయన చేతులతో చూపించాడు, తన మంచం ఏ పూట ఎటు తిరిగి ఉండేదో. ఇంటికి దూరంగా ఉన్నన్నాళ్లూ ఆయన రాత్రిళ్లు మనసులో ఆ మంచం జరుపుకుంటూ నిద్రపోయేవాడట.

తిండి గురించి మీరు అనుకుంటూనే ఉంటారు, ఇంకా చెప్పడం లేదేమిటని. తిండి దొరుకుతుంది. ఆ సంగతి ముందే చెప్పాలి. దుబాయిలో కరామా వైపు వెళితే ఇడ్లీ దోసెల హోటళ్లు ఉన్నాయి. గోంగూర దొరుకుతుంది, చింతపండు దొరుకుతుంది, మన బియ్యం దొరుకుతుంది. క్యాంపులో నలుగురైదుగురు తెలుగువాళ్లు కలిసి మెస్ పెట్టుకుంటారు. వంతులవారీగా వండుకుంటారు. పప్పు చేస్తారు, పచ్చిపులుసు చేస్తారు, సెలవు రోజున కోడికూర వండుతారు. ఊళ్లో ఏనాడూ పొయ్యి దగ్గరికి రాని మగవాళ్లు అక్కడ చక్కగా వంట నేర్చుకున్నారు.

మరి ఏం తక్కువ? రెండు తక్కువ. ఒకటి, వేడి. పొద్దున మూడింటికి వండింది డబ్బాలో కట్టుకుని వెళ్లాలి. మధ్యాహ్నం ఆ ఎండలో డబ్బా మూత తీసేసరికి అన్నం ముద్ద కట్టి ఉంటుంది. ఒక్కోరోజు వాసన కూడా వస్తుంది. పారేసి, ఖుబూస్ రొట్టె కొనుక్కుని, పెరుగుతో తింటారు. పొయ్యి మీంచి దించిన అన్నం, పొగలు వస్తుండగా కంచంలో పడటం, మనకు రోజూ జరిగేది, వాళ్లకు వారానికి ఒకసారి జరుగుతుంది.

రెండోది వడ్డన. "ఇంకొంచెం పెట్టనా?" అని అడిగే మనిషి. వద్దంటున్నా ఒక గరిటె వేసే చెయ్యి. మీరు గమనించారో లేదో, మన ఇళ్లలో ఎవరూ "నాకు ఆకలిగా ఉంది" అని నోరు తెరిచి చెప్పాల్సిన పని ఉండదు. వేళకు వచ్చామంటే తిన్నావా అని అడుగుతారు. ఆ అడగడం అక్కడ ఉండదు. అడిగే మనిషి లేకపోతే ఆకలి కూడా మరోలా ఉంటుంది. మీ ఇంటివాళ్లు ఫోన్‌లో "తిన్నాను" అంటే, ఏం తిన్నావు, ఎవరు వండారు, వేడిగా ఉందా అని అడగండి. అలా అడిగితే వడ్డించినంత ఆనందం వాళ్లకు.

ఇప్పుడు మిరుగం సంగతి చెప్పాలి. మృగశిర కార్తె. మన దగ్గర జూన్ మొదటివారం దాటగానే వస్తుంది. ఆ రోజు చేపల కూర ఉండాల్సిందే. తొలకరి పడితే మట్టి వాసన వస్తుంది. నాగళ్లు, ట్రాక్టర్లు, విత్తనాలు, ఊరంతా ఒక్కసారి లేచి నిలబడుతుంది. సరిగ్గా ఆ వారం తర్వాతే, జూన్ 15న, దుబాయిలో మధ్యాహ్నపు పని బందు మొదలవుతుంది. ఎండ అంత గట్టిగా ఉంటుంది కాబట్టి పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడి చట్టం. సెప్టెంబర్ 15 దాకా అదే నియమం. మంచి నియమం. ప్రాణాలు కాపాడే నియమం.

కానీ ఆ రెండున్నర గంటలు మనవాళ్లు ఏం చేస్తారు? కట్టే భవనం నీడలో అట్టముక్క పరుచుకుని పడుకుంటారు. నిద్ర రాదు. ఫోన్ తీస్తారు. ఊళ్లో వాన పడుతున్న వీడియో ఎవరో పంపి ఉంటారు. చూస్తారు. మళ్లీ చూస్తారు. రైతు ఇంట్లో పుట్టిన మనిషికి ఆకాశంలో మబ్బు కనబడకపోవడం ఎంత కష్టమో అక్కడ ఉన్నప్పుడు తెలిసింది నాకు. పొలం లేకపోయినా సరే, ఇవాళ వాన పడుతుందా అని పొద్దున్నే ఆకాశం చూసే అలవాటు మనది. అక్కడ ఆకాశం చూసి తెలుసుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఇంకా చాలా ఉన్నాయి. సాయంత్రం ఈతవనంలో నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం ఉంది. బతుకమ్మ నాడు అక్కడి సంఘాలవాళ్లు దొరికిన పూలతోనే పేర్చి ఆడతారు, కానీ తంగేడు కోసం గట్ల వెంట తిరగడం ఉండదు. వీటి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ల సంగతి మాత్రం విడిగా చెప్పాలి. మగవాళ్లకు క్యాంపులో పక్క మంచం మీద తెలుగు మాట్లాడేవాడు ఉంటాడు. ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడమనిషికి అదీ లేదు. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. యజమానిని బాబా అనాలి, యజమానురాలిని మామా అనాలి. పడుకునే గది వంటింటి పక్కన చిన్నది. రంజాన్ నెలలో రాత్రంతా వంటలు, పగలంతా సర్దుళ్లు. కువైట్ 2015లో ఇంటి పనివాళ్లకు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి అని అందులో ఉంది. మంచి ఇళ్లలో ఇస్తారు. ఇవ్వని ఇళ్లూ ఉన్నాయి. తలుపు వెనక ఏం జరుగుతోందో చూసేవాళ్లు ఎవరు?

రాయచోటి వైపు నుంచి వెళ్లొచ్చిన ఒకామెను నేను అడిగాను, అక్కా నీకు ఏం గుర్తొచ్చేదని. రాగి సంగటి అంటుందేమో అనుకున్నాను. ఆమె అంది, "కూచోడం అన్నా. ఊరికే కూచోడం." సాయంత్రం పూట అరుగు మీద కాళ్లు చాపుకుని, వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూ, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చోవడం. ఆ ఇంట్లో ఆమె కూర్చుంటే ఎవరో ఒకరు పిలిచేవాళ్లు. కూర్చున్నా చెవులు మాత్రం ఆ పిలుపు కోసమే ఎదురుచూసేవట. ఇంకొక మాట కూడా చెప్పింది. తల్లో పూలు. ఉన్నన్నాళ్లూ తలకు గుడ్డ కట్టుకుని పనిచేసింది. కడపలో బస్సు దిగి చేసిన మొదటి పని మూర మల్లెపూలు కొని తల్లో పెట్టుకోవడం. ఇంటికి వెళ్లే బస్సులో అందరూ చూస్తున్నారని కూడా ఆమెకు పట్టలేదు.

వింటున్నారా? మూర మల్లెపూలు. దానికి ఖర్చు ఎంత? అందుకే నేను ఈ మాట పదేపదే అంటున్నాను. ఇంట్లో ఉన్నప్పుడు డబ్బు పెట్టకుండా, పెట్టినా కొద్ది రూపాయలతో దొరికే సుఖాలే అక్కడ ఎంత డబ్బు పెట్టినా దొరకవు. సెల్‌ఫోన్ దొరుకుతుంది, బంగారం దొరుకుతుంది. ఊరికే కూర్చోవడం దొరకదు.

ఇక ఇంటివైపు వద్దాం. ఈ సుఖాల్లో కొన్నిటిని మీరు ఇక్కడినుంచే పంపగలరు.

పూర్వం ఉత్తరాలు రాసేవాళ్లు. ఉత్తరం చేరి జవాబు రావడానికి వారాలు పట్టేది. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఊరికి వచ్చి వెళ్తున్న మనిషి చేతికి ఒక క్యాసెట్ ఇచ్చేవాళ్లు. ఇంట్లో అందరూ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని మాట్లాడేవాళ్లు. అందులో ఏముండేది? తల్లి ముందు ఏడుపు ఆపుకుని మాట్లాడేది. పిల్లలు పద్యం చెప్పేవాళ్లు. ఆ వెనకాల కోడి కూసేది. ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు. గేదె అరుపు. పక్కింటావిడ "ఎవరికి పంపుతున్నరు?" అని అడగడం. మాటలకంటే ఆ చప్పుళ్ల కోసమే క్యాసెట్ మళ్లీ మళ్లీ పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నారు.

ఇప్పుడు రోజూ వీడియో కాల్. ఎమిరేట్స్‌లో వాట్సాప్‌లో మాట్లాడటానికి లేదు కాబట్టి బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. ముఖం కనబడుతుంది. గొప్ప సౌకర్యం. కానీ మాటలు ఏమైపోయాయి? చిట్టీ కట్టాలి. పాప ఫీజు కట్టాలి. మిత్తి పెరిగింది. బావమరిది పెళ్లి వచ్చింది. అయిదు నిమిషాల్లో లెక్క ముగుస్తుంది, ఫోన్ పెట్టేస్తారు. మీ మీద నేరం మోపడం లేదు. మీ ఇబ్బందులు మీకున్నాయి, ఆ లెక్కలు చెప్పక తప్పదు. కానీ లెక్కలతో పాటు చప్పుళ్లు కూడా పంపండి అని అడుగుతున్నాను. ఫోన్ పట్టుకుని ఒకసారి వాకిట్లో తిరగండి. ఈసారి మామిడి ఎలా కాసిందో చూపించండి. దూడను చూపించండి. పొయ్యి దగ్గర ఫోన్ నిలబెట్టి, పోపు వేస్తూ మాట్లాడండి. మాట్లాడటానికి ఏమీ లేకపోతే మాట్లాడకండి. ఫోన్ అలా అరుగు మీద పెట్టి మీ పని మీరు చేసుకోండి. అవతల ఉన్న మనిషికి ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుంది.

కాస్త తిండి కూడా పంపుతుంటారు కదా. ఊరికి వచ్చి వెళ్లేవాళ్ల సామాన్లలో మామిడికాయ పచ్చడి, సకినాలు, కారప్పొడి, చింతపండు. ఇక్కడ ఒక జాగ్రత్త, దయచేసి చెవిపెట్టి వినండి. గసగసాలు పంపకండి. ఎమిరేట్స్‌లో, సౌదీలో గసగసాలు నిషేధం. మత్తుమందుల కింద లెక్క కడతారు. మన ఇంట్లో కోడికూర మసాలాలో వేసే మామూలు గసగసాలే. విమానాశ్రయంలో దొరికితే కేసు, జైలు. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కూడా అవి ఉంటాయి, మర్చిపోవద్దు. ఇంకోసారి చెబుతున్నాను. గసగసాలు వద్దు. గసగసాలు కలిసిన మసాలా వద్దు. నొప్పి గోలీలు, దగ్గుమందులు కూడా డాక్టరు చీటీ లేకుండా పంపకండి. వేరేవాళ్లు ఇచ్చిన పొట్లం లోపల ఏముందో విప్పి చూడకుండా తీసుకెళ్లవద్దని మీవాళ్లకు చెప్పండి.

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే బరువైన సంగతి చెబుతాను. ఇల్లు.

గల్ఫ్‌కు వెళ్లిన మనిషి మొదట అప్పు తీరుస్తాడు. తర్వాత చెల్లెలి పెళ్లి. ఆ తర్వాత ఇల్లు. మన ఊళ్లలో గల్ఫ్ డబ్బుతో లేచిన స్లాబ్ ఇళ్లు వీధికి నాలుగు ఉంటాయి. రంగులు, గ్రిల్లు, టైల్స్. మంచిదే. గూనపెంకుల ఇల్లు వానకు కురుస్తుంది, కోతులు పెంకులు తీసేస్తాయి, కోడలు ఎన్నాళ్లు కష్టపడుతుంది? పిల్లలకు గది కావాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ ఏం జరుగుతోందో చూడండి. ఇల్లు పెద్దగా కట్టాలంటే జాగా కావాలి. వాకిలి పోతుంది. వాకిట్లో చెట్టు పోతుంది. నులక మంచం మేడ మీద మూలకు చేరుతుంది, తర్వాత పొయ్యిలోకి పోతుంది. గోలెం తీసేసి బాత్రూమ్ కడతారు. రంజన్ స్థానంలో ఫ్రిజ్ వస్తుంది. అరుగు ఉన్నచోట ప్రహరీ గోడ, ఇనుప గేటు. లక్షలు లక్షలు ఖర్చు. ఆ ప్రతి రూపాయీ ఆ ఎండలో అతను సంపాదించిందే. రెండేళ్లకో మూడేళ్లకో ఛుట్టీ మీద వస్తాడు. తాను రాత్రిళ్లు తలచుకుంటూ నిద్రపోయిన ఆ చెట్టు, ఆ మంచం, ఆ వాకిలి, తాను పంపిన డబ్బుతోనే మాయమైపోయి ఉంటాయి. అతను పైకి ఏమీ అనడు. ఇల్లు బాగుంది అంటాడు. చుట్టాలకు తిప్పి చూపిస్తాడు. రాత్రి స్లాబ్ వేడికి నిద్ర పట్టక ఏసీ వేయమంటాడు. మూసిన తలుపులు, యంత్రం హోరు.

ఇలా జరిగిన ఇళ్లు నేను చాలా చూశాను. ఎవరి తప్పూ లేదు అందులో. అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే. అతను చెప్పలేదు, ఎందుకంటే చెట్టు కావాలి, మంచం కావాలి అని చెప్పడం అతనికి చిన్నతనంగా తోచింది. సిగ్గుపడ్డాడు. అందుకే మీరే అడగాలి.

మెట్‌పల్లి దగ్గర ఒక ఊళ్లో అడిగిన ఇల్లు ఒకటి ఉంది. మగ మనిషి సౌదీలో డ్రైవరు. ఇంటికి ముగ్గు పోసే ముందు భార్య వీడియో కాల్‌లో పాత వాకిలంతా చూపించింది. "నువ్వొచ్చినప్పుడు మంచం యాడ వెయ్యాల్నో చెప్పు, గది యాడ రావాల్నో నేను మేస్త్రీకి చెప్త" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత వేపచెట్టు ఉండాలి అన్నాడు. ఇల్లు కొన్ని గజాలు వెనక్కి జరిపారు. వంటగది చిన్నదైంది. మేస్త్రీ ఒప్పుకోలేదు, వాస్తు కుదరదన్నాడు, అత్తగారు గొణిగారు. ఆమె పట్టు విడవలేదు. నేను వెళ్లిన రోజు ఆ చెట్టు కింద వాళ్ల పిల్లవాడు మంచం మీద పుస్తకాలు పరుచుకుని చదువుకుంటున్నాడు. నాన్న అక్కడినుంచి ఫోన్‌లో లెక్కలు చెబుతున్నాడు.

ఛుట్టీ గురించి కూడా ఒక మాట. మనిషి రాగానే చుట్టాల ఇళ్లు, గుళ్లు, ఫంక్షన్లు, బ్యాంకు పనులు, అన్నీ ఆ రెండు నెలల్లోకి కుక్కుతాం. మొదటి వారం అతన్ని వదిలేయండి. ఎప్పుడు లేస్తే అప్పుడు లేవనివ్వండి. స్నానానికి ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనివ్వండి. వేడి అన్నం పెట్టి పక్కనే ఉండండి. పిల్లలు మొదట్లో దగ్గరికి రాకపోవచ్చు. ఈయన ఎవరే అన్నట్టు చూస్తారు. బలవంతం చేయవద్దు. నాలుగు రోజులకు వాళ్లే మంచం ఎక్కుతారు.

కాగితాలు చెడిపోయి రాలేనివాళ్లు కూడా ఉన్నారు. ఖల్లివెల్లి అయినవాళ్లు అంటారు మనవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఈ ప్రసంగం వింటున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆశ వదలకండి. ఆ ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. కువైట్ 2018లో ప్రకటించింది, ఎమిరేట్స్ 2024లో ప్రకటించింది. అలాంటి కబురు వినగానే ఆలస్యం చేయకుండా రాయబార కార్యాలయానికి వెళ్లమనండి. దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. కాగితాల సాయమే కాదు, మనసు బాగాలేకపోయినా అక్కడ మాట్లాడేవాళ్లు ఉన్నారు.

చివరిగా ఆ మధ్యాహ్నపు బందు కాలం గురించి ఒక మాట. దుబాయిలో పన్నెండున్నర అయితే మన దగ్గర రెండు. అక్కడ మూడు అయితే మన దగ్గర నాలుగున్నర. సౌదీలో పన్నెండు నుంచి మూడు దాకా బందు, అంటే మనకు రెండున్నర నుంచి అయిదున్నర. బయట పనిచేసే మీవాళ్లు ఆ వేళ నీడలో ఖాళీగా ఉంటారు. మళ్లీ చెబుతున్నాను. దుబాయి అయితే మనకు రెండు నుంచి నాలుగున్నర, సౌదీ అయితే రెండున్నర నుంచి అయిదున్నర. ఆ కాలంలో ఒకరోజు ఆ వేళకు మీరే ఫోన్ చేయండి. డబ్బు సంగతి మర్నాడు మాట్లాడవచ్చు. ఆ రోజు వాన పడితే ఫోన్ కిటికీలోంచి బయటికి పట్టండి.